ఎవరో ఒకరు చెప్పాలి

సోల్‌ఫ్రిడ్‌కి జీతం ఇచ్చేది ఉపాధి కార్యాలయం. కుర్చీ ఇచ్చింది మాత్రం ఆస్పత్రి. నార్వే పడమటి తీరంలో, వాన ఆగితే జనం కిటికీలోంచి అనుమానంగా చూసే స్కార్వోగ్ అనే చిన్న రేవు పట్నంలో, మానసిక వైద్యశాల రెండో అంతస్తులో, డాక్టరు గదికీ చీపుళ్ళు దాచే గదికీ మధ్య ఉంది ఆమె బల్ల. జబ్బుపడి ఏళ్ళ తరబడి పనికి దూరమైనవాళ్ళకి పని వెతికిపెట్టడం, దొరికాక వాళ్ళ వెన్నంటి ఉండడం ఆమె ఉద్యోగం. యాభై మూడేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులున్నాయి, నోటి దురుసూ ఉంది. మొదటిదానికి మందు వాడుతుంది.

అంతకుముందు పదకొండేళ్ళు ఆమె ఉపాధి కార్యాలయంలో గాజు అద్దం వెనక కూర్చుంది. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెతను ఆ రోజుల్లో రెండు కార్యాలయాలు కలిసి శ్రద్ధగా అమలు చేసేవి. ఒంట్లో బాగుందని కాగితం తెచ్చుకో, పని చూపిస్తాం అనేవాళ్ళు వీళ్ళు. పనీపాటా లేకుండా నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఎలా బాగవుతుంది, ముందు ఏదైనా పని చూసుకో అనేవాళ్ళు ఆస్పత్రివాళ్ళు. హెర్లైఫ్ అనే వెల్డరు ఈ రెండు గుమ్మాల మధ్య నాలుగేళ్ళు తిరిగాడు. అతని దరఖాస్తును వెనక్కి పంపుతూ నాలుగుసార్లు సంతకం పెట్టింది సోల్‌ఫ్రిడే. అయిదోసారి అతను రాలేదు. వాళ్ళమ్మ ఇంటి కింది గదిలో తలుపేసుకుని ఉండిపోయాడు. ఇప్పటికీ ఎవరికీ తియ్యడని చెప్పుకుంటారు. ఆ వీధి మీదుగా వెళ్ళాల్సి వస్తే సోల్‌ఫ్రిడ్ ఈనాటికీ చుట్టు తిరిగి వెళ్తుంది.

తర్వాత పైవాళ్ళకి ఎవరికో జ్ఞానోదయమై, రెండు కార్యాలయాల మనుషుల్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. బాగయ్యేదాకా ఆగక్కర్లేదు, ముందు పనిలో పెట్టు, పక్కనే వైద్యం నడుస్తుంది అన్నారు. ఆ కొత్త పద్ధతికి మనుషులు కావాలంటే అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఆమె. కొత్త పద్ధతిలో ఒక్క నియమం మాత్రం ఇనప నియమం. జబ్బు గురించి యజమానికి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో జబ్బు మనిషే నిర్ణయించాలి. దానికో కాగితం ఉంటుంది. ఎడమవైపు చెప్పదగ్గవి, కుడివైపు చెప్పకూడనివి, కింద సంతకం.

యూస్టైన్ కాగితంలో ఎడమవైపు ఒకే ఒక్క వాక్యం ఉంది: 'అనారోగ్యం వల్ల ఆరేళ్ళు పని చేయలేదు.' కుడివైపు కూడా ఒక్కటే: 'గొంతులు.'

అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. పడవ ఇంజన్లు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. ఆరేళ్ళ కిందట, ఒంటరిగా ఉన్నప్పుడు నీళ్ళ పైపుల్లోంచి, ఆపేసిన రేడియోలోంచి గొంతులు వినపడసాగాయి. పేరు పెట్టి పిలిచి మరీ తిట్టేవి. ఒక మార్చి నెలలో అవి చెప్పాయని బూట్లు కూడా లేకుండా అలలకి అడ్డంగా కట్టిన రాతికట్ట చివరిదాకా నడిచి వెళ్ళాడు. చేపలవాళ్ళు చూసి పట్టుకొచ్చారు. అప్పట్నుంచి నెలకో సూది. గొంతులు పోయి రెండేళ్ళయింది. పని మాత్రం తిరిగి రాలేదు. సోల్‌ఫ్రిడ్ ఏడు చోట్ల అడిగి, ఏడు చోట్ల 'ఆలోచించి చెప్తాం' అనిపించుకుని, ఎనిమిదో చోట ఓడ్వార్‌ని పట్టుకుంది. ఓడ్వార్‌ది పడవల మరమ్మతు యార్డు. మూడు వారాలు చూస్తానన్నాడు. పొద్దున ఏడింటికి రావాలి, ఏడంటే ఏడే అన్నాడు.

మొదటి వారం యూస్టైన్ బయటి కట్ట దగ్గర ఒక పాత ఫెర్రీ మీద పని చేశాడు, తిండి కూడా దాని మీదే. పదునైన చేతులని ఓడ్వార్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. సోల్‌ఫ్రిడ్ ఆ శుక్రవారం తనకి తనే ఒక కేకు ముక్క కొనుక్కుంది.

రెండో వారం గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి, ఎప్పటిలాగే అందరూ బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు డాక్టర్ ఆముండ్ మొదట యూస్టైన్ పేరే ఎత్తాడు.

"నిన్న సాయంత్రం వచ్చాడు. గొంతులు మళ్ళీ మొదలయ్యాయట. సోమవారం నుంచి. ఇవాళ పనికి వెళ్ళలేదు, ఒంట్లో బాలేదని చెప్పేశాడు. రేపు పన్నెండింటికి ఎలాగూ సూది రోజే కదా, మోతాదు పెంచుతున్నాను."

ఒకసారి అలా పెంచినప్పుడు యూస్టైన్ రెండు నెలలపాటు రోజుకి పద్నాలుగు గంటలు నిద్రపోయాడు. ఒకసారి లోపలికి వెళ్ళిన మందు నెల్లాళ్ళదాకా బయటికి రాదు.

"పెంచితే పొద్దున్నే ఏడింటికి ఎలా లేస్తాడు? ఉద్యోగం పోయినట్టేగా?"

"మనిషే పోతే ఉద్యోగం ఎవరికి, సోల్‌ఫ్రిడ్?"

ఆముండ్ చెడ్డవాడు కాదు. ఆ మార్చి నెలలో యూస్టైన్‌ని తెచ్చినప్పుడు రక్తం కారుతున్న పాదాలకి కట్టు కట్టింది ఆయనే. ఆ సంగతి ఆమెకి తెలుసు, అందుకే ఇంకా చిరాకేసింది.

"ఏమంటున్నాయట ఆ గొంతులు?"

ఆయన కాగితాలు తిప్పాడు. "'ఎవరో ఒకరు చెప్పాలి' అంటున్నాయట. 'పాపం, వాడికి తెలీదు' అని. 'ఇలా ఎన్నాళ్ళు ఊరుకుంటాం' అని కూడా."

"ఎక్కడ వినపడ్డాయి?"

"పనిచోట. పదకొండింటికి అందరూ తినే గదిలో."

"ఇంట్లో?"

"ఇంట్లో లేదన్నాడు. ఇంకా లేదని నేనంటున్నాను."

"మరి అక్కడున్న మనుషులే అన్నారేమో! ఎవరైనా వెళ్ళి చూశారా?"

ఆముండ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గొంతులు వినే ప్రతి మనిషీ నా దగ్గరికొచ్చి చెప్పే మొదటి మాటే అది. నిజంగానే అంటున్నారు డాక్టర్ అని."

"వందమందిలో ఒక్కడి విషయంలో నిజంగానే అని ఉండొచ్చుగా!"

నర్సు నవ్వొచ్చి కాఫీ కప్పులో మొహం దాచుకుంది. ఆముండ్ నవ్వలేదు.

"సరే, రేపు పన్నెండుదాకా నీకు టైముంది. నేనేమో యార్డుకి వెళ్ళి వాళ్ళని అడగలేను, నాకు ఆ హక్కు లేదు. నువ్వూ అడగలేవు, కుడివైపు ఏం రాశాడో చూశావుగా. కానీ పన్నెండు దాటితే శని, ఆదివారాలు. ఆ రెండ్రోజులూ ఏ మందూ పెంచకుండా అతన్ని ఒంటరిగా ఇంట్లో వదిలెయ్యమంటే నా వల్ల కాదు. రాతికట్ట నీకూ గుర్తుందనుకుంటా."

గుర్తుంది. అదే ఆమె భయం. తను తొందరపడి సూది ఆపించి, ఆ గొంతులు నిజంగా జబ్బే అయితే? ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి.

యార్డుకి వెళ్ళాలంటే ముందు యూస్టైన్ సరేననాలి. ఆ ఊళ్ళో పిలవని ఇంటికి వెళ్ళి తలుపు కొట్టడం, తాళం పగలగొట్టడంకన్నా ఒక మెట్టు మాత్రమే తక్కువ. ఆమె రెండు మెసేజీలు పెట్టింది. జవాబు లేదు. మూడోది అతని మేడ కింద నిలబడి పెట్టింది: 'కిందున్నాను. వానలో.'

పది నిమిషాలకి అతను దిగొచ్చాడు. పొడుగాటి మనిషి, మెట్ల మీద నీడలా కనిపించాడు. గడ్డం గీసుకోలేదు.

"గొడుగు తెచ్చుకోవచ్చుగా," అన్నాడు.

"తెచ్చుకుంటే నువ్వు దిగేవాడివి కాదు."

ఇద్దరూ మెట్ల కింద, సైకిళ్ళ పక్కన నిలబడ్డారు. యార్డుకి వెళ్ళొస్తానని ఆమె చెప్పింది.

"అసలేం జరిగిందో చెప్పవా?" అంది.

"ఏముంది! సోమవారం నుంచి తిండి లోపలి గదిలో అన్నారు. వెళ్ళి కూర్చున్నా. అప్పటిదాకా మాట్లాడుకుంటున్నవాళ్ళంతా గప్‌చుప్. అటు చివర ఇద్దరు తలలు దగ్గరపెట్టుకుంటే వినపడ్డాయి ఆ మాటలు. మంగళవారం అంతే, బుధవారం అంతే. నేను తలెత్తితే ఎవరి రొట్టె వాళ్ళు చూసుకుంటున్నారు. అంటే వాళ్ళు అనలేదన్నమాటేగా? ఇదివరకూ ఇంతే. ఎవరూ అనరు, నాకు వినపడుతుంది."

"ఇదివరకు నిన్ను తిట్టేవి. ఇవి తిట్లు కావుగా?"

"సోల్‌ఫ్రిడ్." అతను గోడకి ఆనుకున్నాడు. "జబ్బు తిరగబెట్టిందంటే అదో బాధ. కాదనుకో. వాళ్ళు నిజంగానే అన్నారనుకో. అప్పుడు నా గురించి వాళ్ళకి తెలిసిపోయిందన్నమాట. 'పాపం వాడికి తెలీదు' అంటే ఏంటి మరి? ఉద్యోగం ఇవ్వరని నాకు తెలీదనేగా? ఏది నిజమైతే బాగుంటుందో నాకే తెలీట్లేదు."



"వెళ్ళు," అన్నాడు చివరికి. "కానీ ఆ మాట మాత్రం నీ నోట్లోంచి రాకూడదు. వచ్చిందంటే నేను బాగున్నా సరే, ఆ గేటు మళ్ళీ తొక్కను."

శుక్రవారం పదకొండుకి పది నిమిషాల ముందు ఆమె యార్డు చేరింది. మూడు వారాల ట్రయల్‌కి సంబంధించిన కాగితం మీద సంతకం కావాలన్నది వంక. ఓడ్వార్ ఒక పడవ పొట్ట కింద నిలబడి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నీ మనిషి ఏడీ?"

"ఒంట్లో బాలేదన్నాడుగా."

"ఒంట్లో బాలేదంటే జలుబా, లేకపోతే ఆరేళ్ళ జబ్బా?"

"అది అతను చెప్పాలి. నేను చెప్పను."

ఓడ్వార్ చేతిగుడ్డ భుజం మీద వేసుకున్నాడు. "చూడు సోల్‌ఫ్రిడ్. చలికాలం పడవలు వచ్చేస్తున్నాయి. ఇంకో మనిషి రోజూ ఫోన్ చేస్తున్నాడు. సోమవారం ఏడింటికి యూస్టైన్ కనపడకపోతే వాణ్ణి పిలుస్తా. నాకూ యూస్టైనే ఇష్టం. కానీ ఇష్టాలతో పడవలు నీళ్ళలోకి దిగవు కదా."

ఇంతలో గంట మోగింది. సుత్తులు, గ్రైండర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కాఫీ దొరుకుతుందా అని అడిగింది ఆమె. ఆ దేశంలో ఈ ఒక్క మాటకి కాదనేవాళ్ళు పుట్టలేదు.

తిండి గది పొడుగ్గా, వెచ్చగా ఉంది. తొమ్మిదిమంది బల్ల చుట్టూ చేరి, నూనె కాగితం పొట్లాలు విప్పుతున్నారు. గోధుమరంగు జున్ను ముక్కలు వేసిన రొట్టెలు, ఎవరివి వాళ్ళకే. మొన్న ఆదివారం ఫుట్‌బాల్ ఆట గురించి గట్టిగా కొట్లాడుకుంటున్నారు. ఒక మూలకి వెళ్ళి నిలబడి వింటే చాలనుకుంది ఆమె. కానీ కిటికీ పక్కన, హీటరుకి దగ్గరగా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మోకాళ్ళు లాగేస్తున్నాయి. కప్పు పట్టుకుని వెళ్ళి అందులో కూర్చుంది.

ఫుట్‌బాల్ ఆగిపోయింది. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఎవరూ ఆమె వైపు చూడలేదు. తొమ్మిదిమందీ రొట్టెల్ని, అవి ఇప్పుడే కొత్తగా కనిపెట్టినట్టు, చూస్తున్నారు. తనేదో తప్పు చేసిందని ఆమె ఒళ్ళంతా చెబుతోంది, తప్పేమిటో తెలియదు.

అటు చివర సీవర్ట్, అరవై దాటిన తెల్ల మీసాల పెయింటరు, పక్కవాడి వైపు తల వంచాడు.

"నువ్వు చెప్తావా?"

"నేనా? నువ్వే చెప్పు."

"ఎవరో ఒకరు చెప్పాలిగా. పాపం, ఆవిడకి తెలీదు."

మక్కీకి మక్కీ అవే మాటలు. ఆమెకి లేచి గంతెయ్యాలనిపించింది, ఆ వెంటనే ఆ మీసాలు పట్టుకుని గుంజాలనీ అనిపించింది. గోడ గడియారంలో పదకొండూ పద్నాలుగు.

"నాకు తెలీనిదేంటి?" అంది గట్టిగా.



"ఏం లేదే," అన్నాడు సీవర్ట్. "కాఫీ తాగు."

"ఇప్పుడే అన్నావు. నా చెవులతో విన్నాను. ఆవిడకి తెలీదు అన్నావు. ఆవిడంటే నేనేగా, ఇక్కడ ఇంకో ఆవిడ లేదుగా!"

"అబ్బే, ఊరికే ఏదో..."

"సీవర్ట్, నాకు టైము లేదు. మర్యాద తర్వాత చూసుకుందాం. నేనేం తప్పు చేశాను?"

ఒకడు రొట్టె పొట్లం మడత పెట్టడం మొదలుపెట్టి, చాలా జాగ్రత్తగా, చాలా చిన్నగా మడిచాడు. పదకొండూ పదిహేడు. వీళ్ళు తుఫానులో సముద్రం మీదికి వెళ్ళమంటే వెళ్తారు గానీ ఎదుటి మనిషికి ఒక ఇబ్బంది మాట చెప్పమంటే చావనైనా చస్తారు.

చివరికి గుమ్మంలో నిలబడ్డ ఓడ్వార్ గొంతు సవరించుకున్నాడు. "చెప్పరా సీవర్ట్."

సీవర్ట్ మీసాలు తుడుచుకున్నాడు. మొహం ఎర్రగా కందిపోయింది. "అది మాగ్నర్ కుర్చీ. ఇరవైరెండేళ్ళు అక్కడే కూర్చున్నాడు. ఆగస్టులో ఒక ఆదివారం నిద్రలోనే గుండె ఆగి పోయాడు. కుర్చీ తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఎవరూ కూర్చోం. అంతే."

"సోమవారం యూస్టైన్ ఇందులోనే కూర్చున్నాడా?"

"ఆ. ఖాళీ ఉన్నది అదొక్కటేగా మరి."

"మీరు చెప్పలేదు."

"ఎలా చెప్తాం? కొత్తగా వచ్చినవాడు. మొదటి రోజే లేవమంటే ఏం బావుంటుంది, నొచ్చుకోడూ? పోనీ మంగళవారం చెబుదామంటే, నిన్నే ఎందుకు చెప్పలేదంటాడు. బుధవారానికి ఇంకా కష్టమైపోయింది. అప్పటికీ రోజూ అనుకుంటూనే ఉన్నాం, ఎవరో ఒకరు చెప్పాలని."

"అతని ముందే!"

"మెల్లగానే అన్నాంగా," అన్నాడు సీవర్ట్ నొచ్చుకుంటూ. "వినపడదనుకున్నాం."

తొమ్మిదిమంది బలమైన మగాళ్ళు. పిల్లి మెడలో గంట కట్టేవాడు ఒక్కడు లేడు. సోల్‌ఫ్రిడ్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెంటినీ మింగి లేచింది.

"ఆగాగు," అన్నాడు ఓడ్వార్. "దీనికీ అతను పనిలోకి రాకపోవడానికీ ఏంటి సంబంధం? ఒక కుర్చీ కోసం మనిషి మంచం పడతాడా?"

అందరి తలలూ ఇప్పుడు పైకి లేచాయి. ఒక్క మాట చెబితే చాలు, ఓడ్వార్ అర్థం చేసుకునేవాడే. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కాగితంలో కుడివైపు రాసిన అక్షరాలు, అతని వంకర చేతిరాత కళ్ళముందు ఆడాయి.

"నేను చెప్పను," అంది. "అతన్నే అడుగు. అడిగితే మొహం మీద అడుగు, పక్కవాడి చెవిలో కాదు."

కారులోంచి ఆస్పత్రికి ఫోన్ చేసింది. 'మీరు వరుసలో అయిదో వారు' అంది యంత్రం, తియ్యగా. ఆముండ్ సెల్‌ఫోన్ ఆపేసి ఉంది, పేషెంటు ముందు ఉంటే ఆయన ఎప్పుడూ ఆపేస్తాడు. వంతెన దగ్గర రోడ్డు తవ్వుతున్నారు. ఎర్ర దీపం. పదకొండూ నలభై. 'మీరు వరుసలో నాలుగో వారు.' ముందు ఒక చేపల లారీ. ఆమె ఆ లారీని, ఆ రోడ్డుని, ఇరవైరెండేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మాగ్నర్‌ని కూడా తిట్టింది, చచ్చినవాణ్ణి తిట్టానే అని వెంటనే లెంపలేసుకుంది. లారీ కదిలింది. 'మీరు వరుసలో నాలుగో వారు.'

మెట్లు ఎలా ఎక్కిందో మోకాళ్ళకే తెలియాలి. సూదిమందు గది తలుపు తట్టకుండానే తోసింది. యూస్టైన్ చొక్కా ఒక భుజం మీదనుంచి జార్చి కూర్చుని ఉన్నాడు. నర్సు దూదితో చర్మం తుడుస్తోంది. ఆముండ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"వాళ్ళే అన్నారు!" అంది ఆమె, ఊపిరి అందక. "అక్షరం పొల్లు పోకుండా నేనూ విన్నాను. అది చచ్చిపోయిన మనిషి కుర్చీ. అందులో కూర్చున్నావని నీకు చెప్పడానికి సిగ్గుపడి చచ్చారు వెధవలు, రోజూ నీ ఎదురుగానే గుసగుసలాడారు!"

నర్సు దూది పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంది. సోల్‌ఫ్రిడ్ మొదటినుంచీ మళ్ళీ చెప్పింది, ఈసారి కాస్త వరసగా. తనూ అందులోనే కూర్చున్నాననీ, తన మీదా అవే మాటలు పడ్డాయనీ చెప్పింది.

ఆముండ్ వెంటనే ఒప్పుకోలేదు. "ఒక గుసగుస నిజమైనంత మాత్రాన ఇక జబ్బు లేదని కాదు, సోల్‌ఫ్రిడ్. ఈ నాలుగురోజుల భయానికే అది తిరగబెట్టొచ్చు." యూస్టైన్ ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నిన్న రాత్రి ఇంట్లో ఏమైనా? పైపుల్లో? రేడియోలో?"

"లేదు."

"నీ పేరు పిలిచాయా?"

"లేదు."

"నిద్ర?"

"పట్టలేదు. భయమేసి. గొంతులొస్తాయేమోనని వింటూ కూర్చున్నా. ఏమీ రాలేదు."

ఆముండ్ నర్సు వైపు తిరిగాడు. "పాత మోతాదే ఇవ్వు. రేపూ ఎల్లుండీ పొద్దునా సాయంత్రం నేను ఫోన్ చేస్తా. ఎత్తకపోతే ఇంటికే వస్తా, పిలవకపోయినా సరే." తర్వాత సోల్‌ఫ్రిడ్‌తో, కాస్త గరుగ్గా, "వందలో ఒక్కడు," అన్నాడు. అంతకుమించి ఆయన నుంచి ఆశించకూడదు.

సూది పడింది. యూస్టైన్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "అయితే నన్నేం అనలేదా వాళ్ళు?" అన్నాడు.

"నిన్ను చూసి జాలిపడ్డారు."

"ఛ. తిట్టినా బావుండేది."

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. తల వంచుకుని, రెండు అరచేతులతో చెవులు మూసుకుని ఏడ్చాడు. "నా చెవులు బాగానే ఉన్నాయి," అన్నాడు ఏడుస్తూనే. "బాగానే ఉన్నాయి." నర్సు దూది ఇచ్చింది తుడుచుకోమని. గదిలో ఇంకేమీ లేదు మరి.

ఆదివారం సాయంత్రం అతని మెసేజీ వచ్చింది: 'రేపు పదకొండింటికి నువ్వు అక్కడుండాలి. మాట్లాడకూడదు.'

సోమవారం ఏడుకి అయిదు నిమిషాలముందే అతను గేటు దాటాడని ఓడ్వార్ చెప్పాడు. నాలుగు గంటలు ఒక పడవ అడుగుకి రంగు వేశాడట, ఎవరితోనూ మాట్లాడలేదట. పదకొండింటికి సోల్‌ఫ్రిడ్ తిండి గది గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. అందరూ వచ్చి కూర్చున్నారు. యూస్టైన్ వచ్చాడు. కూర్చోలేదు. బల్ల చివర నిలబడ్డాడు, చేతులకి ఎర్రరంగు ఇంకా ఆరలేదు.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు.

ఆమె వద్దనాలనుకుంది. ఇంకా ట్రయల్ అయిపోలేదు, ఓడ్వార్ ఇంకా సంతకం పెట్టలేదు. పక్కనే ఓడ్వార్, నోట్లో రొట్టెముక్కతో. కానీ మాట్లాడకూడదని యూస్టైన్ మెసేజీలో రాశాడుగా.

"ఆరేళ్ళు నేను పని చెయ్యకపోవడానికి కారణం, నాకు గొంతులు వినపడేవి. లేని గొంతులు. మందు వాడుతున్నా. రెండేళ్ళుగా లేవు. పోయిన వారం మీరు మాట్లాడుకున్నవి విని, అవే మళ్ళీ వచ్చాయనుకున్నా." "మీరు గుసగుసలాడితే అది మీరో, నా తలో నాకు తెలీదు. అందుకని నా గురించి ఏమన్నా అనాలనుకుంటే గట్టిగా అనండి. మంచైనా, చెడైనా. అంతే నేనడిగేది."

అదే నిశ్శబ్దం మళ్ళీ వచ్చింది. సోల్‌ఫ్రిడ్ లోలోపల లెక్కపెట్టింది: ఒకటి, రెండు, మూడు. ఎవరూ తలెత్తలేదు. పొట్లాలు చప్పుడు చేయలేదు. అయిపోయింది, ఇక వీళ్ళు జన్మలో నోరు విప్పరు అనుకుంది. పది. పదకొండు.

సీవర్ట్ కుర్చీ కిర్రుమంది. ముసలాయన లేచి నిలబడ్డాడు. మీసాల కింద పెదాలు రెండుసార్లు కదిలాయి గానీ మాట రాలేదు. మూడోసారి, ఆ గదికి అవసరమైనదానికన్నా చాలా గట్టిగా, దాదాపు అరిచాడు.

"పొద్దున నువ్వేసిన రంగు బాలేదు!"

మిగతా తలలన్నీ పైకి లేచాయి.

"కిందంతా చారలు చారలుగా ఉంది! చుక్కాని దగ్గర తడి మీదే వేసేశావు! మొత్తం గీకి మళ్ళీ వెయ్యాలి!"

యూస్టైన్ అతన్ని చూస్తూ ఉండిపోయాడు. అతని భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"ఎక్కడా? చుక్కాని దగ్గరా?" అన్నాడు, అంతే గట్టిగా. "నేను బాగా తుడిచే వేశాను!"

"తుడిచావా? రా, చూపిస్తా!"

తిండి అక్కడే వదిలేసి ఇద్దరూ సోల్‌ఫ్రిడ్‌ని దాటుకుని, పోట్లాడుకుంటూ, వానలోకి వెళ్ళిపోయారు.